ఏడో ముద్రణ

బెండకాయలు కడిగి, తడి లేకుండా తుడిచి కోస్తేనే జిగురు రాదు. తుడవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఎల్బీనగర్‌లోని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో ఆ ఓపిక ఒక్క సంధ్యారాణికే ఉందని ఇంట్లో అందరూ ఎప్పుడో తీర్మానించేశారు. పొద్దున్నే ఐదింటికి ఆమె ఒక్కో కాయనూ పాత పంచె ముక్కతో తుడుస్తుంటే, భర్త జగన్ వంటగది గుమ్మానికి ఆనుకుని టీ తాగుతూ అన్నాడు.

"పది దినాలంటే మాటలా సంధ్యా? డిసెంబర్ల ఎగ్జాం. పిల్లలు నెత్తి మీద కూసున్నరు. మన సెంటరే గదా, మనమే ఇడిసిపెట్టి పోతే ఎట్ల?"

మన సెంటరే గదా. ఆమె ఎప్పుడు ఏదడిగినా ఆ మాటే అడ్డం వచ్చేది. జీతం అడిగితే, మన సెంటరే గదా, ఎడమ చేత్తోని కుడి చేతికి ఇచ్చుకుంటమా అన్నాడు. సెలవడిగితే, మన సెంటరే గదా, ఎవనికి అర్జీ పెడ్తవ్ అన్నాడు. నోట్సు మీద తన పేరు కూడా వేయమంటే, మన సెంటరే గదా, ఎవలి పేరుంటేంది అన్నాడు. అంతా మనదైన చోట తనదంటూ ఏమీ మిగలదని ఆమెకు తెలిసిరావడానికి చాలా కాలం పట్టింది.

ఆ 'మన' సెంటర్ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పక్క సందులో, గాజుల దుకాణం పైన రెండంతస్తులు. కెమిస్ట్రీలో పీజీ చేసిన పిల్లలకు నెట్ పరీక్ష కోచింగ్. బోర్డు మీద చేతులు కట్టుకుని నవ్వుతున్న జగన్ ఫొటో, దాని కింద 'పీహెచ్‌డీ ఫ్యాకల్టీ' అని ఎర్రటి అక్షరాలు. ఫొటో అతనిది, పీహెచ్‌డీ ఆమెది. జగన్ ఎమ్మెస్సీ దగ్గరే ఆగిపోయాడు. కానీ మనిషిని చదవడం వచ్చు. మెట్లెక్కి వచ్చే పిల్లకు ఏ మాట చెబితే వెనక్కి తిరిగిపోదో గుమ్మంలోనే పసిగట్టేస్తాడు. అది తక్కువ విద్యేమీ కాదని సంధ్యారాణి న్యాయంగానే ఒప్పుకునేది. తను సరుకు తయారుచేస్తుంది, అతను అమ్ముతాడు. డబ్బా మీద అమ్మేవాడి పేరుండటం బజారులో మామూలే. ఆమెకు కొరుకుడు పడనిది ఒక్కటే. తయారుచేసే మనిషికి పది రోజులు తలుపు తీసుకుని బయటికి వెళ్లే వీలు కూడా ఎందుకు లేదు?

ఫోన్ వచ్చింది ముందురోజు మధ్యాహ్నం. ఇందిరాదేవి. యూనివర్సిటీలో సంధ్యారాణికి సీనియర్, ఇప్పుడు అక్కడే ప్రొఫెసర్. "సంధ్యా, ఈపీఆర్ మర్చిపోయావా, లేక చేతులకింకా గుర్తుందా?" అంటూ మొదలుపెట్టింది. ఈపీఆర్ ల్యాబుకు కొత్త పల్స్ మెషీన్ వచ్చింది. తెలుగు రాష్ట్రాల నలుమూలల నుంచీ ఇరవై నలుగురు యువ శాస్త్రవేత్తలు పది రోజుల శిక్షణకు వస్తున్నారు. ఉపన్యాసాలు చెప్పడానికి పెద్దవాళ్లు కావలసినంతమంది. మెషీన్ ముందు కూర్చోబెట్టి, చేయి పట్టుకుని నేర్పేవాళ్లే లేరు. "ప్రాక్టికల్స్ నువ్వు తీసుకో. జనవరిలో ఈ ల్యాబుకి సైంటిస్టు పోస్టు భర్తీ చేస్తున్నారు. కమిటీలో చక్రపాణి గారే పెద్ద. ఆయన నీ పని కళ్లారా చూడాలి. చూస్తే చాలు, నేను చెప్పక్కర్లేదు."

ఈపీఆర్ అంటే ఎలక్ట్రాన్ పారామాగ్నటిక్ రెజొనెన్స్, ఆ పేరుకు ఆ ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. అయస్కాంతం రెండు దిమ్మల మధ్య సన్నటి క్వార్ట్జ్ గొట్టం నిలబెట్టి, లోపలున్న పదార్థం మీదికి మైక్రోవేవ్ వదులుతారు. అందులో జంట లేకుండా ఒంటరిగా ఉన్న ఎలక్ట్రాన్లు మాత్రమే దానికి బదులిస్తాయి. ఆ బదులు తెర మీద గీతలుగా పడుతుంది. సంధ్యారాణి ఆ గీతల ముందు అయిదేళ్లు కూర్చుంది. థీసిస్ ఇచ్చిన మూడో నెలలో పెళ్లి. ఆ తర్వాత పదేళ్లుగా మెషీన్ ముఖం చూడలేదు, సెంటర్ పెట్టాక ఆ గీతలు తెల్లబోర్డు మీదే. ఇన్ని ఎలక్ట్రాన్లు, ఇన్ని కేంద్రకాలు, ఎన్ని గీతలు వస్తాయి, నాలుగింట్లో సరైన జవాబు గుర్తించుము. ఏటా వందల మంది ఆమె దగ్గర ఆ గీతలు లెక్కపెట్టడం నేర్చుకుని పరీక్ష గట్టెక్కారు. వాళ్లలో ఆ మెషీన్ చూసినవాళ్లు ఏ కొద్దిమందో.

హాల్లో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న అత్తగారు అండాలమ్మ అందుకుంది. "ఇంత సదివినవు, మల్ల సదువుకునేతందుకు పోతవా బిడ్డా?"

"నేర్చుకోనీకి కాదత్తమ్మా, నేర్పనీకి."

"గదే గదా ఈడ చేస్తున్నవ్. దానికి ఆ కొసకు పోవుడెందుకు? ఇంట్ల బండి ఉండంగ నడిసిపోయినట్టు."

సంధ్యారాణి తుడిచిన కాయలు కోయడం మొదలుపెట్టింది. ఆమె దగ్గరున్నది వెల్లుల్లి రెబ్బల మధ్య చెప్పే జవాబు కాదు.

జగన్ కాదనలేదు. కాదనడం అతని పద్ధతి కాదు. బేరం పెట్టాడు. పొద్దున ఆరున్నర బ్యాచ్ చెప్పి వెళ్లాలి. సాయంత్రం ఐదు బ్యాచ్‌కు వచ్చేయాలి, అంటే అక్కడ మూడింటికల్లా లేవాలి. ఆదివారం రెండు క్లాసులు ఎక్కువ. వంట చేసి పెట్టి పోవాలి, కూతురు జ్యోతికను స్కూలు నుంచి తెచ్చే పని అత్తమ్మది. "నేను వొద్దంటలేను. నీ షోకు నువ్వు తీర్చుకో. కాని మనది ఆగొద్దు." సంధ్యారాణి సరేనంది. అలవాటైన లెక్క ప్రకారం అది మంచి బేరమే. అడిగినదాంట్లో సగం దొరికింది. ఆ ఇంట్లో ఆమెకు ఎప్పుడూ సగానికి మించి దొరకలేదు.

శిక్షణ మొదటి రోజు ఆమె ల్యాబులోకి వెళ్లగానే, పుస్తెలకు తగిలించుకున్న పిన్నీసులు నాలుగూ తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. అయస్కాంతం దగ్గర ఉక్కు పిన్నీసు ఊరుకోదు. చేతులు ఆ పని వాటంతటవే చేశాయి. పదేళ్ల కిందటి చేతులు. తర్వాత ఆరుగురు చొప్పున వచ్చిన పిల్లలకు ఆమె సాంపిళ్లు ముట్టుకోనివ్వలేదు. ముందు గొట్టాలు కడగమంది. కడిగాక ఖాళీ గొట్టం పెట్టి చూడమంది.

"ఖాళీ గొట్టంల ఏముంటది మేడం?" అంది ముందు వరసలో ఉన్న అమ్మాయి.

"పెట్టి చూడు."

తెర మీద ఒక వెడల్పాటి గీత వణుకుతూ లేచింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఇనుము. మీ చేతి మురికి, రాత్రి తిన్న మిర్చి బజ్జీ, బస్సు కడ్డీ తుప్పు. ఖాళీ గొట్టం మాట్లాడుతుందంటే అది మీ మాటే. అది ఆగేదాకా కడగండి. అప్పుడు సాంపిల్ ఏమంటుందో విందాం."

అందరూ నవ్వారు. వెనక నిలబడి చూస్తున్న చక్రపాణి గారు కూడా. "బావుందమ్మా. నేను నా పీహెచ్‌డీ పిల్లలకి ముప్పై ఏళ్లుగా చెబుతున్నా, ఒక్కడూ వినడు," అన్నాడు. మొదటి మూడు రోజులూ సంధ్యారాణికి మెట్రోలో నిద్ర రాలేదు. కాళ్లు పీకుతున్నా, ఆ చివర దిగి బస్సెక్కుతున్నా, ఒళ్లు తేలిగ్గా ఉండేది. రెండు మైక్రోవేవ్ పల్స్ దెబ్బల మధ్య ఎంత ఎడం ఇస్తే ఎలక్ట్రాన్లు ప్రతిధ్వని పలుకుతాయో, ఆ ప్రతిధ్వనిని బట్టి రెండు అణువుల మధ్య దూరం ఎలా కొలుస్తారో ఆమె చెబుతుంటే, పిల్లలు పెన్నులు పక్కన పెట్టి వినేవారు. దిల్‌సుఖ్‌నగర్‌లో అలా ఎవరూ పెన్ను కింద పెట్టరు. అక్కడ వినేది రాసుకోవడానికే.

ముందు వరస అమ్మాయి పేరు సాధన. నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. తల్లి కృపమ్మ సైదాబాద్‌లో ఒక దవాఖానలో ఆయా. రెండేళ్లు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి, కోచింగ్‌కు చేరే వీల్లేక, జిరాక్స్ షాపులో నోట్సు కొనుక్కుని సొంతంగా చదివి నెట్ కొట్టింది. ఇప్పుడు ఒక జిల్లా యూనివర్సిటీలో పరిశోధన. ఎనిమిది నెలలు కష్టపడి ఒక ఎంజైము తయారుచేసి, దానికి ఈపీఆర్‌లో కనబడే గుర్తు అతికించి, ఐసు డబ్బాలో పెట్టుకుని తెచ్చింది. మొత్తం ఉన్నది ఒక్క గొట్టానికి సరిపడా. "గిది పోతే నేను మల్ల మొదటికొస్త మేడం," అని మొదటి రోజే చెప్పింది. డబ్బాను ల్యాబులో ఎవరి చేతికీ ఇచ్చేది కాదు.

నాలుగో రోజు పొద్దున ఆ సాంపిల్ పెట్టాలి. ఉపన్యాసం ఆలస్యమై, సాధన వంతు వచ్చేసరికి రెండున్నర అయింది. సంధ్యారాణి గొట్టం దించి, ట్యూన్ చేసింది. గీతలు మూడు కనబడ్డాయి, కానీ బలహీనంగా, తెర మీది రొదలో కలిసిపోయి. "భయపడకు. స్కాన్లు ఒకదాని మీదొకటి పోనీ. నెమ్మదిగా పైకొస్తుంది. పవర్ సంగతి..." అనబోయింది. అప్పటికి ఫోన్ మూడోసారి మోగుతోంది.

"ఏడున్నవ్? మూడయితుంది. ఇయ్యాల డెమో క్లాసు, కొత్తోల్లు ముప్పై మంది వస్తున్నరని చెప్పిన గదా. నువ్వు లేకుంటే నేనేం చెప్పాలె ఆల్లకు, కథలా?"

పవర్ సంగతి రేపు చెప్పొచ్చనుకుంది. పిన్నీసులు గుప్పిట్లో వేసుకుని పరిగెత్తింది.

మరునాడు పొద్దున ఆమె వెళ్లేసరికి సాధన గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. నిన్న నీళ్లలా తేటగా ఉన్నది ఇవాళ తెల్లగా, ఉడికిన గుడ్డు సొనలా గడ్డకట్టి ఉంది. సంధ్యారాణికి చూడగానే తెలిసిపోయింది. ఇంట్లో అన్నం వేడిచేసే పెట్టెలోదీ ఇదే మైక్రోవేవ్. నీళ్లలో ఉన్న సాంపిల్ మీదికి మోతాదు మించి వదిలితే గీతలు పెరగవు, అణగిపోతాయి. లోపలున్నది ఉడికిపోతుంది.

"ఎవరు పెంచారు పవర్?"

"నేనే మేడం. ఎంతసేపైనా పైకి రాలేదు. నోట్సుల ఉన్నది గదా అని మొత్తం పెంచిన." సాధన సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. స్పైరల్ బైండింగ్, నీలం అట్ట. 'జగన్ సర్ స్పెక్ట్రోస్కోపీ నోట్స్.'

ఆ అట్ట చూడగానే సంధ్యారాణికి ఆ పేజీ కళ్ల ముందుకొచ్చేసింది. జ్యోతికకు అప్పుడు మూడో నెల. సెంటర్ కొత్తగా తెరిచారు. నలభై రోజుల్లో మొత్తం నోట్సు రాసిమ్మన్నాడు జగన్. ఒడిలో పిల్ల, మోకాలి మీద అట్ట, అట్ట మీద కాగితం. మిగతా పాఠాలన్నీ పరీక్షకు ఎంత కావాలో అంతే రాసింది. ఈపీఆర్ దగ్గరికొచ్చేసరికి చేయి ఆగలేదు. మెషీన్ ముందు ఎలా కూర్చోవాలి, గొట్టం ఎలా పట్టుకోవాలి, ఏ మీట ఎప్పుడు తిప్పాలి, అన్నీ రాసేసింది. 'గిది ఎగ్జామ్ల రాదు, తీసెయ్' అన్నాడు జగన్. తీయలేదు. ఆఖరి పేజీలో 'పవర్ పెంచితే సిగ్నల్ పెరుగుతుంది' అని రాసి, 'అయితే అది ఒక హద్దు వరకే, ఆ తర్వాత' అని మొదలుపెట్టబోతుంటే పిల్ల గుక్కపట్టింది. అండాలమ్మ అవతలి గదిలోంచి, 'గా పిల్లను సూడవా, కాయితాలే నీ కడుపుల పుట్టినయా?' అని కేకేసింది. ఆమె లేచి వెళ్లి పిల్లను నిద్రపుచ్చి వచ్చేసరికి బల్ల మీద కాగితాలు లేవు. డీటీపీ వాడు షాపు మూసేస్తాడని జగన్ పట్టుకుపోయాడు. సగంలో ఆగిన మాట దగ్గర వాడు చుక్క పెట్టేశాడు.

అచ్చయి వచ్చాక చూసి చెప్పింది. 'వచ్చేసారి దిద్దుదాం' అన్నాడు. వచ్చేసారీ చెప్పింది. 'ఎవడు సూస్తడు? అది ఎగ్జామ్ల రాదంటి గదా.' ఏడేళ్లు, ఏడు ముద్రణలు. తన క్లాసులో మాత్రం ఏటా ఆ పేజీ తీయించి, పక్కన మిగతా సగం పెన్నుతో రాయించేది. అంతటితో తన బాధ్యత తీరిందనుకునేది. సందు చివర జిరాక్స్ షాపులో నోట్సు కొనుక్కుని హాస్టల్లో కూర్చుని చదువుకునే పిల్లలు ఆమె లెక్కలో ఎప్పుడూ లేరు.

పది గంటలకు చక్రపాణి గారు అందరినీ ల్యాబులో పోగేశాడు. నీలం అట్ట ఆయన చేతిలో ఉంది. పేజీ తిప్పి పైకి చదివాడు. "పవర్ పెంచితే సిగ్నల్ పెరుగుతుంది. చుక్క. అంతే. ఎవరండీ ఈ మహానుభావుడు? మీలో ఎంతమంది దగ్గరుంది ఈ పుస్తకం?" తొమ్మిది చేతులు లేచాయి. "తొమ్మిది మందా! ఇంకా నయం, తొమ్మిది ఎంజైములు ఉడకలేదు." నవ్వులు లేచాయి. సాధన నవ్వలేదు. ఆయన అట్ట మీదున్న నంబరు చూసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి ఫోన్ కలిపాడు.

"హలో, జగన్ సర్ స్పీకింగ్." సంధ్యారాణికి ఆ గొంతు ల్యాబు గోడల మధ్య పరాయిగా వినబడింది.

"నేను యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ చక్రపాణిని మాట్లాడుతున్నానండీ. మీ స్పెక్ట్రోస్కోపీ నోట్సు గురించి."

"ఓ, నమస్తే సర్! చెప్పండి సర్. ఎన్ని కాపీలు కావాలె? యూనివర్సిటీకి అయితే మనం స్పెషల్‌గా చూసుకుంటం."

మళ్లీ నవ్వులు. చక్రపాణి గారు నవ్వకుండా పేజీ నంబరు చెప్పి, వాక్యం చదివి, జరిగింది చెప్పాడు. అవతలి నుంచి, గాజుల దుకాణం ముందు ఎవరో ఆటో వెనక్కి తీస్తున్న చప్పుడు.

"సర్, ఒక్క మాట. ఆ చాప్టర్ నాది కాదు సర్. నేను రాయలేదు."

"మీ పేరే ఉందిగా?"

"పేరంటే సెంటర్ పేరు సర్. రాసింది మా మిసెస్. డాక్టర్ సంధ్యారాణి. పూర్తి పేరు రాసుకోండి సర్. ఆమె మీ దగ్గర్నే ఉన్నది గదా, నాలుగు దినాల సంది వస్తున్నది. ఆమెనే అడుగుండ్రి. నాకు ఈపీఆర్ తెల్వదు సర్, నేను ఆప్టిట్యూడ్ చెప్త."

ఇరవై నాలుగు తలలు ఒక్కసారి తిరిగాయి. ఏడేళ్లుగా ఏ పేరు అచ్చులో చూసుకోవాలని ఆమె అడిగి అడిగి ఊరుకుందో, ఆ పేరు బిరుదుతో సహా ఆ గదిలో మోగింది.

"నిజమేనా అమ్మా?" అన్నాడు చక్రపాణి గారు, ఫోన్ పెట్టేసి. ఈసారి గొంతులో వెటకారం లేదు. దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

చెప్పడానికి ఉంది. కానీ ఏమని చెప్పాలి? పిల్ల ఏడ్చిందని, అత్త అరిచిందని, మొగుడు కాగితం ఎత్తుకుపోయాడని, ఇరవై నలుగురు శాస్త్రవేత్తల ముందు? ప్రతి మాటా నిజమే. నోట్లోంచి బయటికొస్తే మాత్రం ప్రతి మాటా సాకులాగే ఉంటుంది.

"రాసింది నేనే సర్."

"సరే," అన్నాడాయన. "మధ్యాహ్నం నుంచి ప్రాక్టికల్స్ మా పోస్ట్‌డాక్ కుర్రాడు చూస్తాడు. మీరు సర్టిఫికెట్ల మీద పేర్లవీ సరిచూడండి." గద్దించలేదు, విసుక్కోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నట్టు ఆమెను పక్కన పెట్టేశాడు.

భోజనాల వేళ సాధన మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. సంధ్యారాణి పక్కన కూర్చుంది. సాధనే ముందు మాట్లాడింది. "నోట్సుల గా ఒక్క చాప్టరే మేడం మంచిగ అర్థమైతది. మిగతదంతా బట్టీ. గది మాత్రం ఎవరో మెషీన్ ముందట కూసోబెట్టి చెప్పినట్టే ఉంటది. నేను ఈపీఆర్‌లకు వచ్చిందే గది చదివి. గందుకే నమ్మిన." కళ్లు తుడుచుకుని మళ్లీ అంది. "గా లైను తప్పని మీకు ముందే తెలుసా మేడం?"

  ఆ పిల్ల జవాబు కోసం ఆమె మొహంలోకి చూసి, లేచి, ఖాళీ ఐసు డబ్బా పట్టుకుని వెళ్లిపోయింది.

ఇందిరాదేవి తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. "నువ్వు అలా రాసే మనిషివి కాదు. నాకు తెలుసు. ఏం జరిగింది?" అంతా విన్నాక తల పట్టుకుంది. "అక్కడ నోరు విప్పాల్సింది. సరే, ఇప్పుడైనా ఒక పని చెయ్యి. సగం పేజీ నీ అనుమతి లేకుండా అచ్చేశారని, ఎన్నిసార్లు చెప్పినా సెంటర్ వాళ్లు దిద్దలేదని నాకు మెయిల్ రాయి. సోమవారం పేర్లు వడకట్టడానికి కమిటీ కూర్చుంటుంది. ఆ కాగితం చేతిలో ఉంటే నీ కోసం పోట్లాడతాను. లేకపోతే నా దగ్గరేముంది?"

"సెంటర్ వాళ్లంటే మా ఆయనే మేడం."

"తెలుసమ్మా. అయినా అంతే."

"తప్పని తెలిసీ నేను అక్కడే ఏడేళ్లు చెప్పాను. అది?"

"అది ఎందుకు రాస్తావు? ఎవరడిగారు నిన్ను?"

ఆ సాయంత్రం ఐదు బ్యాచ్‌కు ఆమె వెళ్లింది. వెళ్లకపోతే ఏం చేయాలో తెలియక వెళ్లింది. గంటన్నర గీతలు లెక్కపెట్టించింది. ఇంటికొచ్చేసరికి జగన్ సోఫాలో కూర్చుని ఉన్నాడు, తప్పు చేసినట్టేమీ లేడు. బయట వాన పడుతుంటే గొడుగు పట్టుకున్నవాడిలా ఉన్నాడు.

"నా మీద కోపం చెయ్యకు. ఆయన గట్ల అందరి ముందట అడిగితే నేనేం చెప్పాలె? నాకు తెల్వంది తెల్వదన్న. అయినా నీ పేరే గదా చెప్పిన. ఏడేండ్ల సంది పేరు, పేరు అని పాణం తీసినవ్."

అండాలమ్మ జ్యోతికకు అన్నం కలుపుతూ తలెత్తకుండానే అంది. "తప్పు రాసినోల్లే తప్పు ఒప్పుకోవాలె. వాన్ని ఎందుకు బద్నాం చేస్తవు? సెంటర్ మూతపడితే ఈ పిల్ల ఏం తింటది?"

సంధ్యారాణి ఇందిరాదేవి అడిగిన మెయిల్ సంగతి దాచలేదు. చెప్పింది. జగన్ మొహం అప్పుడు మారింది. లేచి టీవీ కట్టేశాడు. రెండుసార్లు గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునేసరికి మళ్లీ పాత జగన్ అయిపోయాడు, మెట్లెక్కి వచ్చిన కొత్త పిల్లతో మాట్లాడే జగన్.

"మెయిల్ రాయకు. నేను చెప్పేది విను. ఆ సగం లైను రాసియ్యి, పొద్దుగాల ప్రింటింగ్‌కు పంపుత. కొత్త ముద్రణకు అట్ట మీద ఇద్దరి పేర్లు. నీ పేరే పైన. బోర్డు మీద నీ ఫొటో సుత ఎక్కిస్త. దిల్‌సుఖ్‌నగర్ మొత్తం సూడాలె. అక్కడ ఆ నౌకరీ వస్తదో రాదో. ఇది చేతిలున్నది."

ఆమె విని ఊరుకోలేదు, నిజంగానే ఆలోచించింది. ఆశ పడలేదంటే అబద్ధం. గాజుల దుకాణం పైన తన మొహం, తన పేరు. చేరడానికి వచ్చే ఆడపిల్లలు తలెత్తి చూసే ఫొటో. ఏడేళ్లు అడిగితే రానిది ఇవాళ అడగకుండానే వస్తోంది. కాకపోతే అది ఆమె చేసిన పనికి వస్తున్నది కాదు, మాట్లాడకుండా ఉండటానికి వస్తున్నది. ఇందిరా మేడం అడిగిందీ అలాంటిదే. జగన్ మొత్తం దాచమంటున్నాడు, మేడం సగం దాచమంది. ఆ పిల్ల మెట్ల మీద అడిగిన దానికి రెండింట్లోనూ జవాబు లేదు. ఏటా పెన్నుతో దిద్దిస్తూనే, ఇంట్లో రభస ఎందుకులే అని ఏడేళ్లు ఊరుకున్నది ఎవరు? ఆ ఊరుకోవడం ఇంటిని నడిపింది, బ్యాచ్‌లను నడిపింది. దానికి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నది మాత్రం ఈ ఇంటితో ఏ సంబంధమూ లేని ఒక ఆయా కూతురు.

బల్ల దగ్గర కూర్చుని ఫోన్ తీసింది. వెనక జగన్ నిలబడి ఉన్నాడని తెలుసు. దాచుకోలేదు.

'ఆ పేజీ రాసింది నేను. రాయడం పూర్తికాకుండానే నా భర్త దాన్ని అచ్చుకు ఇచ్చారు. దిద్దమని ప్రతి ముద్రణకూ చెప్పాను, దిద్దలేదు. అది తప్పని తెలిసీ, అదే నోట్సు అమ్మే చోట నేను ఏడేళ్లు పాఠం చెప్పాను. సాధన సాంపిల్ పోవడంలో ఆమె తప్పు లేదు. మళ్లీ తయారుచేసుకోవడానికి ఆమెకు ల్యాబులో అవకాశం ఇవ్వండి. నేను ఏ హోదా లేకుండా పక్కన ఉండి సాయం చేస్తాను.'

జగన్ రెండుసార్లు చదివాడు. అతనికి కోపం రాలేదు, అర్థం కాలేదు. "గిది పంపితే సెంటర్ ఇజ్జత్ పోతది. మధ్యల నీ తప్పు నువ్వే రాసుకున్నవ్, ఆ నౌకరీ సుత రాదు. నన్ను ముంచి నువ్వు ఒడ్డుకెక్కుతున్నవా అంటే గదీ లేదు. అసలు గిట్ల రాస్తే నీకేమొస్తది?"

అతను అడిగింది న్యాయమైన ప్రశ్నే. సంధ్యారాణి అంతే న్యాయంగా, తొందర లేకుండా ఆలోచించింది.

"ఏం రాదు," అంది. ఇందిరాదేవి, చక్రపాణి గార్ల పక్కన సాధన పేరు కూడా చేర్చి, పంపేసింది.